ఆ చెయ్యి ఎవరిదని అక్క అడిగింది

ముప్పై ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది మద్రాసులో వ్యాసర్పాడి. అమ్మ పోయాక నన్ను పెంచింది మా అక్క సరస. బళ్ళో పంతులమ్మ. మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయిన మరుసటేడు, నల్లబల్ల మీద లెక్క రాస్తూ రాస్తూ తల పట్టుకుని కూలబడింది. చూపు మసకేసింది. ఒక కనురెప్ప వాలిపోయింది. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథిలో రక్తం చిమ్మిందన్నారు ఆసుపత్రిలో. వారానికి కాస్త తేరుకుంది.

"గండం ఇంకా గడవలేదమ్మా," అన్నారు డాక్టరు. "అరుదే గానీ, చిందిన రక్తం వల్ల మెదడులో రక్తనాళాలు బిగుసుకుపోవచ్చు. చేతికో కాలికో మాటకో తేడా వస్తే వెంటనే చెప్పు."

ఎనిమిదో రోజు పొద్దున, దుప్పటి మీదున్న తన ఎడమచేతిని చూస్తూ అక్క గుసగుసగా అడిగింది.

"ఈ చెయ్యి ఎవరిదే?"

"నీదే కదక్కా."

"నాది ఈడుండాది," అని కుడిచెయ్యి చూపించింది. "ఇది ఎవరో ఆడమనిషిది. నా పక్కన పడుకోనుండాది. పొమ్మని చెప్పవే."

ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, బరువుగా ఉంది. నా వేళ్ళను తిరిగి పట్టుకోలేదు.

డాక్టరు వచ్చి ఎలా ఉందని అడిగారు.

"బాగుందండీ," అన్నాను.

ఎందుకన్నాను? పదింటికి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కొత్త ఉద్యోగంలో చేరాలి. ఆ పూట పోకపోతే అది పోయినట్టే. అదొక్కటేనా? దయ్యం పట్టిందని నలుగురూ అంటారన్న భయమా? సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానో, అనుకున్నానని తర్వాత నన్ను నేను నమ్మించుకున్నానో, ఇప్పటికీ తేల్చుకోలేను.

సాయంత్రానికి అక్కకి ఎడమవైపంతా పడిపోయింది. పొద్దునే చెప్పుంటే ఆ రోజుల్లో ఏమన్నా చెయ్యగలిగేవాళ్ళా? అదీ తెలియదు.

తర్వాత పదకొండేళ్ళు బతికింది. కంచంలో కుడివైపు అన్నమే తినేది. మిగతా సగం ఆ ఆడమనిషిదట. నేను ఎక్స్ఛేంజీ నుంచి వచ్చేసరికి ఆవిడతో ఏదో మాట్లాడుతూ ఉండేది. నన్ను చూసి ఆపేసేది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది. "ఆ పొద్దున చెయ్యి సంగతి నీకు చెప్పినానా?"

"లేదక్కా. నువ్వేం చెప్పలేదు."

"అట్లయితే తప్పు నాదే," అంది. అదే నమ్మి కన్నుమూసింది.

చెప్పింది. అక్క నాకు చెప్పింది. నేను విన్నాను.