రెడ్డెప్ప సార్ నాలుగో బోర్డు

మదనపల్లెలో కంప్యూటర్ సర్వీసు ఇంజినీరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైనాను. ఆ తరువాత ఒప్పుకున్న పని ఒక్కటే, అదీ మొగమాటానికి. పోయిన ఎండాకాలం పుంగనూరు నుంచి, కాలేజీలో నాకు పాఠాలు చెప్పిన రెడ్డెప్ప సార్ ఫోన్ చేసినాడు. ఫిజిక్సు లెక్చరరుగా ఉన్నప్పుడు కిట్టు తెప్పించుకుని, ఒక్కో పార్టూ తానే అతికించి తయారుచేసుకున్న కంప్యూటర్ మొరాయిస్తా ఉందట. కుప్పంలో ఒక కాలేజీవాళ్లు దాన్ని అద్దాల బీరువాలో పెట్టుకుంటామన్నారు. అయితే సార్ రాసిన గ్రహణాల ప్రోగ్రాం వాళ్ల ముందర నడవాల. నడవకపోతే మిషను పాత సామాన్లవాడికే. "సోమవారం వస్తాండారప్పా, నువ్వు తప్ప ఇంకెవురుండారు?" అన్నాడు.

బుధవారం పోయినాను. దాంట్లో మెమరీ నాలుగు బోర్డులుగా ఉంటుంది. వాటి అడుగంచునుండే కాంటాక్టులు స్లాటుల్లో గట్టిగా కూర్చోవాల. పరీక్ష సులువే: మెమరీలో ప్రతి గడిలో ఒక అంకె రాసి, తిరిగి చదివి, అదే వచ్చిందా అని చూడటం. తప్పు నాలుగో బోర్డులోనే, కానీ ఒక్కోసారి ఒక్కో గడిలో వచ్చింది. అట్లా చోటు మారతా ఉంటే ముందు కాంటాక్టులు తుడవాల, తరువాత కరెంటు చూడాల, చిప్పుల జోలికి చివరన పోవాల. కొత్తగా చేరినోళ్లకు ఈ వరస నేర్పింది నేనే. ఆ పొద్దు ఎండ, నడుంనొప్పి, తిరుగు బస్సు టైము. ఎప్పుడు అయిపోతుందిరా దేవుడా అనిపించింది. చిప్పులు పోయినాయని తేల్చేసి, ఆ బోర్డుమీదుండే ఎనిమిదింటినీ సోల్డరింగ్ ఐరన్‌తో పీకి, నా దగ్గరుండే పాత స్టాకు వేసినాను. తప్పు అట్లే ఉంది.

కాఫీ తెచ్చిన సార్ భార్య సరోజమ్మ అక్కడే నిలబడింది. "ఏటేటా ఆయుధపూజకి వీటన్నిటినీ బయటికి తీసి పసుపు, కుంకుమ పెడతామప్పా. దానివల్ల ఏమన్నా అయిండాదా?" అని భయపడతా అడిగింది.

టార్చి వేసి చూస్తే నాలుగో స్లాటు అడుగున కుంకుమ గడ్డకట్టింది. స్పిరిటు, బ్రష్షు పెట్టి శుభ్రం చేసి, మూడో బోర్డును అందులో పెడితే ఒక్క తప్పూ లేదు. నాలుగో బోర్డు మాత్రం లేవలేదు. నా ఐరన్ వేడికి దానిమీది రాగి గీతలు ఊడి వచ్చేసినాయి. వాటి బదులు తీగెలు వేసి చూసినాను, నిలవలేదు. పీకిన చిప్పులు టెస్టరులో పెడితే ఎనిమిదీ మంచివే.

"సార్, తుడిస్తే పోయేది. బోర్డును చెడగొట్టింది నేను" అని చెప్పేసినాను. సిగ్గుతో తలెత్తలేకపోయినాను.

"మూడిట్లో ఎంత పడితే అంతే పెడదాంలేప్పా" అని సార్ కాగితం, పెన్సిలు తీసుకున్నాడు. ఇరవై ఏళ్ల గ్రహణాల పట్టికను సోమవారంలోపల పదేళ్లకు కోసినాడు.

ప్రోగ్రాం నడిచింది. కుప్పంవాళ్లు మిషను తీసుకుంటూ, దాని పరిస్థితి రాసి ఇమ్మని నన్నడిగినారు. వరస తప్పకూడదన్నది కొత్తోళ్లకంటే పాతోళ్లకే ఎక్కువ అవసరమని ఆ కాగితం ముందర కూర్చున్నప్పుడు తెలిసింది. నాలుగో బోర్డు పోయినదానికి కారణం "పాతబడింది" అని రాస్తే ఎవరూ అడగరు. సర్వీసులో ఆ మాట లెక్కలేనన్నిసార్లు రాసినాను. ఈసారి "రిపేరు చేసినవాడి తప్పు" అని రాసి సంతకం పెట్టినాను. అప్పట్లో రాసిన వాటిలో ఎన్నిటికి ఇదే కారణమో ఇప్పుడు తేల్చుకునే దారి లేదు.