ఒక పనికి ఒక్కటే పేరు

మా ఆఫీసులో అందరికంటే తక్కువ జీతం కరుణాకర్‌ది. చాదస్తం మాత్రం అందరికంటే ఎక్కువ. కరీంనగర్‌లో మందుల షాపు పైన మూడు గదుల కంపెనీ మాది. ప్రోగ్రాములు మేం రాస్తాం. తెర మీద కనిపించే మెనూలకూ బటన్లకూ తెలుగు పేర్లు సరిచూడడం అతని పని.

చేరిన వారానికే లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని, మొదటి పేజీలో "ఒక పనికి ఒక్కటే పేరు" అని పెద్దక్షరాలతో రాసుకున్నాడు. మేమేమో ఎవరికి తోచింది వాళ్లం పెట్టేవాళ్లం. ఒకే పనికి ఒక తెర మీద 'పంపు', ఇంకో తెర మీద 'సమర్పించు', మరోచోట 'సరే'. అతను నోట్‌బుక్ పట్టుకొని మా కుర్చీల చుట్టూ తిరుగుతుంటే "పంతులు వచ్చిండు" అని నేను ఏడిపించేవాణ్ణి. పేరు మారితే దునియా మునుగుతదా అని ఒకసారి అడిగాను. అతనికి కోపం రాలేదు.

"మనం అలవాటుతోటి ఒత్తుతం అన్నా. మా బాపు అక్షరం అక్షరం కూడబలుక్కుంటడు. ముందుగాల చూసిన పేరే మళ్ల కనబడాలె. లేకుంటె చెయ్యి ఎన్కకు తీస్కుంటడు."

ఆ బాపు పేరు రాయమల్లు. ఆదిలాబాద్ పక్క పల్లెలో నాలుగెకరాల పత్తి రైతు.

పోయినేడు ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర పెట్టే టోకెన్ మిషన్ పని మాకొచ్చింది. రైతు తన వివరాలు నింపి టోకెన్ తీసుకుంటేనే బండి లోపలికి పోతుంది. మొదటి మెనూలో 'టోకెన్ తీసుకో' అని ఉంది. ఆఖరి తెర నాది, దాని మీద నేను 'సమర్పించు' అని పెట్టాను. ఏ పేరు ఒత్తి లోపలికొచ్చారో చివర కూడా అదే పేరుండాలని కరుణాకర్ పట్టుబట్టాడు. పక్కనే 'రద్దు' ఉంది, తెలియక అదొత్తితే నింపిందంతా పోతుందన్నాడు. మారుస్తానన్నాను. రెండు రోజులకు మళ్లీ అడిగితే మార్చానన్నాను. మార్చలేదు. మరిచిపోయీ కాదు. రెండు నిమిషాల పనే, కానీ చేస్తే అతని ముందు ఓడినట్టుంటుందని చేయలేదు.

రాయమల్లు ఆ మిల్లుకే పత్తి తీసుకుపోయే ముందురోజు కరుణాకర్ నా పక్క కుర్చీలోంచే ఇంటికి ఫోన్ చేశాడు. "బాపు, మొదలు 'టోకెన్ తీసుకో' ఒత్తు. ఆఖర్ల గూడ గదే ఉంటది. ఇంకేది ముట్టకు" అన్నాడు. నేను విన్నాను. ఇప్పుడు నిజం చెప్తే పరువు పోతుంది, పెద్దాయన ఎట్లాగో ఒత్తుతాడులే అనుకుని ఊరుకున్నాను.

రాయమల్లు అద్దె ట్రాలీలో పత్తి వేసుకొని పొద్దున్నే అందరికంటే ముందు చేరాడు. ఆఖరి తెర దాకా బాగానే వచ్చాడు. అక్కడ కొడుకు చెప్పిన పేరు లేదు. ఏదో ఒకటి ఒత్తమని వెనకవాళ్లు అన్నా ఒత్తలేదు. తన వంతు ఇంకా రాలేదు కాబోలు, వస్తే ఆ పేరు వస్తుంది అనుకున్నాడు. యూరియా లైన్లో చేసినట్టే వంతు పోకుండా చెప్పులు విడిచి మిషన్ ముందు వరుసలో పెట్టి, పక్కకు జరిగాడు. మిగతావాళ్లు ఆ చెప్పులు దాటుకుంటూ వచ్చి టోకెన్లు తీసుకుపోయారు. రెండుసార్లు వచ్చి మళ్లీ మొదటినుంచి నింపి చూశాడు, చివర అదే తెర. కొడుక్కి ఫోన్ చేశాడు. ఆ రోజంతా మా సార్ మీటింగ్ పెట్టి అందరి ఫోన్లూ బయట పెట్టించాడు.

లోపలికి పోగానే తేమ చూస్తారని ట్రాలీ మీది టార్పాలిన్ విప్పి ఉంచాడు. మధ్యాహ్నం మూడింటికి వాన పడింది. తడిసిన పత్తిని మర్నాడు మిల్లువాళ్లు వద్దన్నారు. ఆరబెడితే నల్లబడింది.

కరుణాకర్ ఊరికి పోయి నాలుగు రోజులకు తిరిగొచ్చాడు. మార్చలేదని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండు. బ్యాగు కుర్చీకి తగిలించి కంప్యూటర్ ఆన్ చేశాడు.

"మా బాపు ఏమంటుండో ఎర్కనా అన్నా? పిలగాడు చేసిన మిషిని తప్పెట్ల చెప్తది, నాకే చదువుడు రాలే అంటుండు."

ఆ రోజే మార్చాను. రెండు నిమిషాలే పట్టింది. అప్పటికే మిల్లువాళ్లు లైను సాగడం లేదని మిషన్ పీకేసి మూలన పడేశారు, గేటు దగ్గర వాచ్‌మన్ కాగితం టోకెన్లు ఇస్తున్నాడు. నెలాఖరుకు కరుణాకర్ నోట్‌బుక్ నా టేబుల్ మీద పెట్టి ఉద్యోగం మానేశాడు. ఆ నోట్‌బుక్ సంగతి అడిగేవాళ్లు మా ఆఫీసులో ఇప్పుడెవరూ లేరు.

మొన్న నేనే కరుణాకర్‌కు ఫోన్ చేశాను. బాపు ఇప్పుడు ఏ మిషన్ ముందైనా చేతులు వెనక్కి కట్టుకొని నిలబడతాడని చెప్పాడు. పెట్టేసే ముందు, ఆఖరి తెర మీద పేరు మార్చినవా అని అడిగాడు. మార్చానన్నాను. ఈసారి నిజమే చెప్పాను, అతను నమ్మలేదు.