తెర మీద చివరి వరుస

"చదువు రాదంటేనే ఇచ్చారు బాబూ ఆ ఉద్యోగం. వచ్చంటే గేటు దగ్గర్నుంచే పంపేసేవాళ్ళు. పెద్దసారు ఒక కాగితం చేతికిచ్చి ఇందులో ఏముందో చెప్పమన్నాడు. తలకిందులుగా పట్టుకుని అటు చూశా, ఇటు చూశా. చాలు చాలు, రేపట్నుంచి రా అన్నాడు."

వాళ్ళింటికి వెళ్ళిన నాతో ఈ మాట చెప్పి కాగితాలమ్మ నవ్వింది. నవ్వుతూనే లోపలి గది వైపు చెవి పెట్టింది. ఏ చప్పుడూ లేదని రూఢి చేసుకున్నాక పల్చటి గుడ్డలో పాలు వడగట్టడం మొదలుపెట్టింది. గొట్టంలోంచి పోయాలి కాబట్టి మీగడ తునక కూడా ఉండకూడదు.

పెద్దసారంటే అప్పటి ఆసుపత్రి సూపరింటెండెంటు. చదువు రాని మనిషి కోసం ఆయన ఊరికే వెతకలేదు. అంతకుముందు లాబ్ నుంచి వార్డులకు రిపోర్టులు మోసినవాడు నాలుగు ముక్కలు చదువుకున్నవాడు. మెట్ల మలుపులో ఆగి ఒక్కొక్కటీ తిరగేసేవాడు. ఒక కొత్త కోడలి జబ్బు సంగతి ఆ పిల్ల కన్నా ముందు వాళ్ళత్తగారి చెవిన పడింది. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఆసుపత్రి మేడ మీంచి దూకింది. ఇకమీదట కాగితాలు మోసే మనిషికి అక్షరం ముక్క రాకూడదని పెద్దసారు ఆ రోజే తీర్మానించాడు.

కాగితాలమ్మకు అక్షరాలన్నీ వచ్చు.

నేర్పింది తమ్ముడే. వాడు దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. సుద్దముక్కతో అక్షరాల అంచులు వాడు గీస్తే లోపల రంగు నింపడం అక్క పని. అంచు దాటితే మొట్టికాయ. అంచు దాటకుండా నింపుతూ నింపుతూ, బడి గుమ్మం తొక్కని మనిషికి చదవడం పట్టుబడింది. ఆమె మొదటిసారి తనంతట తాను కూడబలుక్కున్న వాక్యం "ఇక్కడ చెత్త వేయరాదు". యంత్రాల మీద పెద్ద పెద్ద బొమ్మలతో బోర్డులు అచ్చవడం వచ్చాక తమ్ముడి కుంచెలు డబ్బాలోనే ఎండిపోయాయి. భర్త పోయిన అక్క, పెళ్ళి ఊసెత్తని తమ్ముడు ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఇల్లు ఆమె జీతం మీద నడిచింది.

"మూతికి తాళం వేసుకోవచ్చు గానీ కంటికెలా వేస్తాం బాబూ? కాగితం మీద చూపు పడిందా, లోపల అదే చదివేసుకుంటుంది. ఆపుకోవడం తుమ్ము ఆపుకున్నట్టే. అందుకని మొహానికి ఒక నవ్వు తగిలించుకున్నా. చచ్చేవాడి కాగితమైనా, పుట్టేవాడి కాగితమైనా అదే నవ్వు. ఈ మనిషికేం తెలుసులే అనుకునేవాళ్ళు."

ఆ నవ్వుతోనే ఆమె జుట్టు నెరిసింది. తర్వాత యంత్రం వచ్చింది.

వార్డు చివర చిన్న గదిలో దాన్ని పెట్టారు. లాబ్‌లో కూర్చుని రిపోర్టు పంపితే అది తాళం వేసుకుని తీగల మీద వచ్చి యంత్రంలో దాక్కుంటుంది. ఏ డాక్టరు, ఏ నర్సు పేరు మీద వచ్చిందో వాళ్ళే స్వయంగా వచ్చి తమ కార్డు తాకించాలి. అప్పుడు గానీ అచ్చయి బయటికి రాదు. మధ్యలో మోసేవాళ్ళు లేరు, మెట్ల మలుపు లేదు. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు కాగితాలమ్మను ఇంటికి పంపేయకుండా యంత్రాన్ని తుడవడానికీ, తెల్లకాగితాలు నింపడానికీ ఆ గదిలోనే ఉంచాడు. "దానికీ చదువు రాదు, నీకూ రాదు. ఒకరికొకరు తోడుగా ఉండండి" అని హాస్యమాడాడు కూడా.

లోపలి కాగితాన్ని అంత పదిలంగా దాచే ఆ యంత్రం, ఎవరెవరి కాగితాలు తన దగ్గరున్నాయో మాత్రం తెర మీద వరసగా పేర్లు వేసి చూపించేది. గదిలోకి కార్డులున్నవాళ్ళూ కాగితాలమ్మా తప్ప మరొకరు రారు. అందుకని దాన్నెవరూ తప్పుగా ఎంచలేదు.

తమ్ముడి మెడ కింద గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. తర్వాత వాడు బయటి కౌంటరుకూ లాబ్ కిటికీకీ మధ్య బంతిలా తిరిగాడు. కౌంటరులో "ఇంకా రాలేదు" అనేవారు. లాబ్‌లో "ఎప్పుడో పంపేశాం" అనేవారు. ఇద్దరూ నిజమే చెప్పారు. రిపోర్టు ఏ డాక్టరు పేరు మీద వచ్చిందో ఆయన సెలవు మీద పోయాడు. ఆయన బదులు వచ్చినాయన తన కార్డుకు పలికే కాగితాలు తీసుకుని వెళ్ళిపోయేవాడు.

తెర తుడుస్తుంటే కాగితాలమ్మకు తమ్ముడి పేరు కనిపించింది.

ఇంటికెళ్ళి చెప్పింది. పెయింటరు గోడకు చేరగిలబడి విన్నాడు.

"నోరెత్తకు అక్కా. నీకు చదువొచ్చని తెలిస్తే ఆ పూటే గెంటేస్తారు. ఇద్దరం కలిసి ఏ గోడ మీద రాసుకుంటాం?"

"నీ ప్రాణం మీదికొచ్చిందిరా."

"వస్తే వచ్చింది, అది కూడా లైన్లో నిలబడుతుందిలే. డాక్టరు సెలవు అయిపోతే రాడా ఏంటి?"

రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు ఒక కుర్ర నర్సుతో "ఆ తెర మీద ఏదో మిణుకుమంటోందమ్మా, చూడరాదూ" అంది. నర్సు తన కార్డు తాకించి తన కాగితాలు తీసుకుని "ఏం లేదే!" అని వెళ్ళిపోయింది. బాగుచేయడానికొచ్చిన మెకానిక్కుని, ఎవరూ తీసుకోని కాగితాలు ఏమవుతాయని మాటల మధ్య అడిగింది. "వారం చూసి అదే చెరిపేస్తుంది. అందులోనే ఉంచితే భద్రం కాదుగా!" అన్నాడతను గొప్పగా. చెరిపేశాక మళ్ళీ కావాలంటే లాబ్‌కు అర్జీ పెట్టుకోవాలట. అసలు వచ్చిందనే తెలియనివాడు ఏమని పెట్టుకుంటాడు?

కొత్త పేర్లు పైన చేరేవి, పాతవి కిందికి దిగేవి. అడుగు వరుస ఎవరూ కార్డు తాకించకుండానే మాయమవడం ఆమె గమనించింది. తమ్ముడి పేరు ఒక్కో మెట్టే దిగుతోంది. ఒక పొద్దున వచ్చేసరికి అది అన్నిటికన్నా కిందుంది.

హెడ్ నర్సు లోపలికొచ్చింది. డాక్టర్లు లేనప్పుడు ఎవరి కాగితమైనా తీయగలిగే కార్డు వార్డులో ఆవిడ దగ్గర ఒక్కటే ఉంది. తన పని చూసుకుని వెనక్కి తిరిగింది.

"అమ్మా, ఆ చివరి వరుస తీయండి. మా తమ్ముడిది."

హెడ్ నర్సు తెర వైపు చూసింది. తర్వాత ఆమె వైపు.

"నీకెలా తెలుసు?"

"చదివానమ్మా."

యంత్రం గుర్రుమంది. కాగితం బయటికొచ్చింది. హెడ్ నర్సు దాన్ని పూర్తిగా చదివి, మడిచి జేబులో పెట్టుకుంది. తమ్ముణ్ణి వెంటనే పిలిపించమంది. అక్కడిదాకా ఆవిడ పని ఆవిడ చక్కగా చేసింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది.

"మా అమ్మ రిపోర్టు తెచ్చిందీ నువ్వే కదూ?"

కాగితాలమ్మ యంత్రాన్ని తుడిచే గుడ్డను మడత పెట్టింది.

"చదివే తెచ్చావు. చదివి, నవ్వుతూ నా చేతికిచ్చావు. బాగుందా అక్కా అని నేనడిగితే, నాకేం తెలుసమ్మా, అన్నీ గీతలే అన్నావు."

ఈ చోటికొచ్చేసరికి కాగితాలమ్మ గొంతు తగ్గిపోయింది. "తిట్టినా బాగుండేది బాబూ. తిట్టలేదు. నా మొహం కేసి చూసింది, అంతే. ఆ నవ్వు ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు."

మధ్యాహ్నానికి సంగతి కింది నుంచి పై దాకా పాకింది. ఆయాలు, వాచ్‌మన్, క్యాంటీన్ మనిషి, ఎవరికి వాళ్ళు తమ ఇంటి కాగితం ఎప్పుడు ఆమె చేతి మీదుగా వచ్చిందో లెక్క తీశారు. సూపరింటెండెంటు గుర్తింపు కార్డు బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. లోపలికి రానివ్వొద్దని గేటు దగ్గర ఫొటో అంటించారు. ఎవరి కాగితం చదివినా ఎక్కడా అనని మనిషి అని ఒక్కరైనా అనలేదు. అనాలని ఆమె కూడా అనుకోలేదు.

తమ్ముడికి ఆపరేషన్ చేశారు. గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసేశారు. ఈ మధ్యలో పోయిన రోజులు దొరికుంటే అది మిగిలేదా అని అడిగితే డాక్టరు సూటిగా చెప్పలేదు. ఇప్పుడు వాడు లోపలి గదిలో పడుకుని కావలసింది పలక మీద రాసి చూపిస్తాడు. వంకర గీత ఉండదు. "నీళ్ళు" అని రాసినా అక్షరాలకు పక్కన నీడ దిద్దుతాడు.

"నీడ దిద్దేలోపు దాహం తీరిపోతుందిరా అంటే వినడు." కాగితాలమ్మ పాల గిన్నె పక్కన పెట్టి గుడ్డ పిండింది. "నిన్న రాసి చూపించాడు. నువ్వు చెప్పకుండా ఉంటే ఇద్దరికీ తిండి ఉండేది అని. చెరిపేశా."

లోపల పలక మీద సుద్దముక్కతో కొట్టిన చప్పుడయింది. వాడి పిలుపు అదే. ఆమె లేచింది, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"మళ్ళీ ముక్క తీశారు బాబూ. జబ్బు ఇంకా మిగిలిందో పోయిందో రేపో మాపో ఆ యంత్రంలోకి వస్తుంది. ఈసారి డాక్టరు ఉన్నాడనే అంటున్నారు. అప్పుడూ అలాగే అన్నారు. గేటు దాటి నేను పోలేను. మీరు పొండి. ఆ గది తలుపుకి అద్దం ఉంటుంది, అందులోంచి తెర కనిపిస్తుంది. వాడి పేరు పైనుందో కిందుందో చూడండి. కిందుంటే హెడ్ నర్సుని పిలిచి చెప్పండి. ఎలా తెలిసిందని అడిగితే చదివానని చెప్పండి. మీకేం పోదు."