మిద్దె మీది గాలినీళ్ళు

ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చిందని నా కళ్ళు నెత్తికెక్కిన రోజులవి. ఎనభైల మొదట్లో తిరుత్తణిలోని ఒక స్కూల్లో ప్లస్ టూ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. రోజూ తిరువళ్ళూరు నుంచి బస్సులో వచ్చి పోయేదాన్ని. మా ల్యాబులో అటెండరు ఒకావిడ. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. చదివింది అయిదో తరగతే అయినా, ఏ సీసా ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని తీసిచ్చేది. అక్కా అని పిలిచేదాన్ని గానీ, ఆమె దగ్గర నేర్చుకునేది ఏముంటుందిలే అనుకునేదాన్ని.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. స్కూలు బావి అడుగంటింది. ఎద్దులబండి మీద డ్రమ్ములో వచ్చే నీళ్ళే గతి. పిల్లల కుండలు నింపాక మాకు మధ్యాహ్నం తలా ఒక లోటా. సరిగ్గా అప్పుడే ప్రాక్టికల్ పరీక్షలు ముంచుకొచ్చాయి. పిల్లలకిచ్చిన ఉప్పు ఏదో కనిపెట్టాలంటే దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించాలి. మామూలు నీళ్ళలో కరిగిస్తే, వాటిలోని ఉప్పు వల్ల సిల్వర్ నైట్రేట్ చుక్క పడగానే అందరి గాజు గొట్టాలూ తెల్లబడతాయి. ఇక మార్కులు గోవిందా! రావలసిన డిస్టిల్డ్ వాటర్ డబ్బాలేమో ఎన్ని ఉత్తరాలు రాసినా రాలేదు.

"కుండల్లోవి కాస్త తీసి కాచి, ఆవిరి పడదాం" అన్నాను.

"వొద్దు టీచరమ్మా" అందామె. "అవి బిడ్లు తాగే నీళ్ళు. ఆవిరి చల్లార్చే గొట్టానికే రెండు బిందెలు పోతాది. గాలిలో తీసుకుందాము, రాండి."

నవ్వొచ్చింది. అయినా వెంట మిద్దె ఎక్కాను.

మందులు చెమ్మగిల్లకుండా ల్యాబులో కాల్షియం క్లోరైడ్ వాడతాం. అది గాలిలోని తేమను పీల్చుకుని నీరుగారిపోతుంది. దాన్ని మళ్ళీ ఎండబెట్టడం ఆమె పని. దుమ్ము పడకుండా అద్దం కప్పి ఎండబెడుతుంటే, అద్దం లోపలి వైపు చుక్కలు పేరుకోవడం చూసిందట. ఆ చుక్కలు ఎందుకు పోగొట్టుకోవాలనుకుంది. పాత చెక్కపెట్టెకు లోపల నల్లబల్ల రంగు వేసి, పైన అద్దాన్ని ఏటవాలుగా పెట్టి, కింద చీల్చిన ప్లాస్టిక్ గొట్టం కట్టింది. రాత్రంతా మూత తీసి ఉంచితే లోపల పరిచిన కాల్షియం క్లోరైడ్ గాలిలోని తేమను తాగుతుంది. తెల్లారి మూసేస్తే ఎండకు ఆ తేమ ఆవిరై, అద్దం మీద చుక్కలు కట్టి, జారి గొట్టం వెంట సీసాలో పడుతుంది. పుస్తకాల్లో ఈ సంగతి నేనూ చదివాను. దాన్నుంచి నీళ్ళు పట్టవచ్చని ఒక్కనాడూ తోచలేదు.

మూడు వారాలకు పెద్ద సీసా నిండింది. పరీక్ష నాలుగు రోజులుందనగా కాసిన్ని గాజు గొట్టంలో పోసి సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాను. తెల్లబడింది.

నా నోరు ఊరుకోలేదు. "నిన్ను నమ్మినందుకు నన్ననాలి. పిల్లల బతుకులతో ఆటలా?" అని అరిచాను. ఆమె సీసాను వెలుతురుకెత్తి లోపలికి చూసింది.

"సీసా నేనే కడిగినాను టీచరమ్మా. కడగని పాత్రలో నీళ్ళు పట్టకూడదని మా అమ్మ చెప్పేది. బండి నీళ్ళతో కడిగి అట్లనే పెట్టేసినాను. ఆ ఉప్పే దిగింది."

"కుండల్లోవా?"

"బిడ్లవి యాడ ముట్టుకుంటాను? నా లోటా నీళ్ళే."

అంటే ఆ ఎండలో ఆ పూట ఆమె గొంతు తడుపుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను క్షమాపణ వెతుక్కునేలోపే ఆమె మిద్దె మెట్లెక్కుతోంది. "నీళ్ళు యాడికీ పోలేదు. పళ్ళెంలో పోసి మళ్ళా ఎండబెడదాము. ఉప్పు పళ్ళెంలోనే ఉంటాది" అంది. ఈసారి మొదట పడిన చుక్కలతోనే సీసా కడిగింది. మూడు రోజులు బంగారంలా ఎండ కాసింది. అంత ఎండ కోసం మొక్కుకున్నది ఆ ఏడు ఊరంతటిలో మేమిద్దరమే అయ్యుంటాం.

పరీక్షకు వచ్చిన ఎగ్జామినరు ముందు నీళ్ళనే చూస్తానన్నాడు. చుక్క వేశాడు. గొట్టాన్ని కిటికీ వెలుతురుకెత్తి పట్టాడు. ఎక్కడా మసక లేదు.

"ఎక్కడ కొన్నారమ్మా?" అని తమిళంలో అడిగాడు.

"కొనలేదు సార్. ఈవిడ చేసింది."

ఆమె చీర కొంగు సర్దుకుని తల వంచుకుంది. పిల్లలందరికీ వాళ్ళ వాళ్ళ ఉప్పు దొరికింది. సాయంత్రం ఎగ్జామినరు చెప్పులు విడిచి మరీ మిద్దెక్కి, ఆ పెట్టెను వంగి వంగి చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర నా లోటా ఆమె ముందు పెట్టాను. ఆమె సగం తాగి, మిగతా సగం నా వైపు జరిపింది.

"తాగండి టీచరమ్మా. పొద్దుటి నుంచి అరస్తానే ఉండారు."