సామీ అన్న పిలుపు

పక్క మడి తెల్లాయన నన్ను "సామీ" అని పిలిచాడు. ఈ ఏడు చలి తగ్గాక, ఇంగ్లండులోని లీసెస్టర్‌లో, నేను మెంతులు చల్లుకుంటుంటే కంచె అవతలి నుంచి, "సామీ, నీ దగ్గర పార ఉందా?" అన్నాడు. అది తప్పు. ఎందుకు తప్పో తరువాత చెబుతాను గాని, తప్పన్న మాట ముందు చెప్పి తీరాలి.

నేను పుట్టింది డర్బన్ దగ్గర. మా ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి దక్షిణాఫ్రికా వెళ్ళాడు. మా నాన్న మాత్రం సొంతంగా కూరగాయలు పండించి, కావడికి బుట్టలు తగిలించుకుని తెల్లవాళ్ళ ఇళ్ళకు మోసేవాడు. ఆయన పేరు చివర స్వామి ఉంది, నా పేరు చివరా ఉంది. ఆయనలా బుట్టలు మోసే చాలామంది పేర్ల చివరా స్వామి ఉండేది. దాంతో తెల్లవాళ్ళు నాలుకకు శ్రమ తగ్గించుకున్నారు. బుట్ట మోసేవాడు ఎవడైనా సామి, ఆడదైతే మేరీ. మా అమ్మ ఏ చర్చి గడపా తొక్కకుండానే మేరీ అయింది. వంటింటి వెనక తలుపు దగ్గర పాలపళ్ళు ఊడని పిల్లలు "సామీ, వంకాయలు చూపించు" అంటే మా నాన్న "ఎస్ బాస్" అనేవాడు. ఆ మాట నేను విన్నాను. నా బడి చదువు తొందరగా ఆగిపోయింది, తెలుగు అక్షరాలు గుడి హాల్లో కూడబలుక్కున్నవే, మిగతాదంతా నాకు నేను చదువుకున్నది. చదివినది అప్పుడప్పుడు మరిచిపోతుంటాను. విన్నది మాత్రం ఒక్కటీ పోలేదు.

ఈయన నోరు విప్పగానే ఎక్కడివాడో తెలిసిపోయింది. ఆఫ్రికానర్. డచ్చివాళ్ళ సంతతి, తరాల తరబడి అక్కడే ఉండి తమకంటూ ఒక భాష చేసుకున్న తెల్లజాతి. ఒకప్పుడు రాజ్యం వాళ్ళది. నల్లవాళ్ళకు ఓటు వచ్చాక అది పోయింది. జీపులో తిరిగినా పూటలో చుట్టిరాలేని పొలం అమ్ముకుని ఆయన కూతురి దగ్గరికి వచ్చాడు. నేనూ కూతురి దగ్గరికే వచ్చాను, మా అమ్మాయి ఇక్కడ హాస్పిటల్లో నర్సు. ఇద్దరికీ కౌన్సిల్ వాళ్ళు కూరలు పండించుకోమని పక్కపక్కనే మడులు అద్దెకిచ్చారు. రెండూ మంచమంత మడులే.

ఆ పిలుపుకు పలకకూడదని నిశ్చయించుకున్నాను. ఆయన నాకు చెవుడనుకుని గొంతు పెంచాడు. వేసవి వచ్చేసరికి ఆ చుట్టుపక్కల మడులన్నిటికీ నేను సామినే. ఇది చాలదన్నట్టు అవతలి మడి చేసే కడప కుర్రాడొకడున్నాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వీకెండ్ వ్యవసాయం. అతను మురిసిపోయాడు.

"అంకుల్, ఆ తెల్లాయన మిమ్మల్ని సామీ అంటాండాడు, విన్యారా? ఎంత మర్యాద! మా పక్క పెద్దోళ్ళను అట్లే పిలుస్తాం. మీరే నేర్పించినారా?"

"నేర్పలేదు బాబూ. వాళ్ళకు పుట్టుకతోనే వచ్చింది."

"ఐతే నేనూ అట్లే పిలుస్తా సామీ."

అతన్ని ఏమనగలను? అదే మాట కడపలో దండం, డర్బన్‌లో ఛీత్కారం. దండం పెట్టినవాడిని కసరలేక, పెట్టనివాడి దగ్గరికి వెళ్ళాను. ఆయన బంగాళాదుంపలు తవ్వుకుంటున్నాడు.

"నా పేరు సామి కాదు. మా నాన్న పేరూ కాదు," అన్నాను.

"అక్కడ అందరం అలాగే పిలిచేవాళ్ళం కదా. అందులో అవమానం ఏముంది? ఆప్యాయంగా అనేవాళ్ళం."

"మీ నాన్నను ఎవరైనా అంత ఆప్యాయంగా పిలిచారా?"

ఆయన దుంపకున్న మట్టి బొటనవేలితో రాల్చాడు. తరువాత చెప్పిన మాటలు నాకు కాదేమో, ఆ దుంపకేమో అనిపించింది.

"అక్కడ బెంచీల మీద యూరోపియన్లకు మాత్రమే అని రాసుండేది. మేము యూరోపియన్లమని కూర్చున్నాం. యూరప్ వస్తే ఇక్కడివాళ్ళు ఏ ఆస్ట్రేలియావాడివని అడుగుతారు. ఆఫ్రికా అంటే నవ్వుతారు. మనవడికి మా భాష రాదు. నన్ను బాస్ అని పిలిచేవాడు ఎటూ లేడు. ఆ పిలుపు పోతే మిగిలినవాణ్ణి ఏమనాలో నాకే తెలీదు."

నాకు జాలి కలిగింది. కలిగినా కదల్లేదు. ఆయనకు పోయింది అధికారం, మా నాన్నకు పోయింది పేరు. రెండూ ఒకటేనని ఒప్పుకుని చేయి కలపడానికి నేను రాలేదు.

"నిన్ను ఏమనాలో నువ్వు తేల్చుకో. నన్ను ఏమనాలో మాత్రం అడిగి తెలుసుకో. అడిగేదాకా మనకు మాటల్లేవు," అని వచ్చేశాను.

ఆ తరువాత ఆయన నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. దగ్గేవాడు, అంతే. చిక్కుళ్ళు అయిపోయాయి, గుమ్మళ్ళు పండాయి. ఇంట్లో మా అమ్మాయి, "పోనీ నాన్నా, ముసలాయన, ఒదిలెయ్యరాదా," అంది. మా నాన్న జీవితమంతా ఒదిలేస్తూనే వచ్చాడు, ఇక నా వంతుకు ఒదలడానికేమీ లేదన్నాను.

కిందటి ఆదివారం మంచు కురిసి మడులు రెండూ తెల్లగా ఒక్కటైపోయాయి. ఆయన టోపీ తీసి, కంచె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను తల ఎత్తలేదు. చివరికి ఆయనే అన్నాడు:

"మీ పేరు చెప్పండి. మొత్తం చెప్పండి, చివరి ముక్క ఒక్కటే కాదు. నాకు నోరు తిరగదు, తిరిగేదాకా చెబుతూ ఉండండి. ఇన్నేళ్ళు ఎవరినీ అడగనందుకు, మిగిలిన రోజులన్నీ దానికే సరిపోతే సరిపోనివ్వండి."