విమానం రెక్క

కల్వకుర్తిల బస్సెక్కి నా పక్కన కూసున్న ఒక చెల్లె చేతుల్ల రేసు కారు డోరు ఉంది. మట్టి ట్రాక్ మీద ఉరికే కారుకు తనే చేసిన ఫైబర్ డోరు. దాన్ని టాపు మీద కట్టమన్నడు కండక్టర్. ఆమె కదల్లే.

"అది విమానం రెక్క సార్, తాడు కడితే పాడైతది," అన్న నేను.

"విమానం రెక్క బస్సుల ఎందుకు పోతాంది?"

"విమానంల జాగ దొరకలే."

ఆయన నవ్వి ఊకున్నడు. ఆమె నవ్వలే. వేలి గణుపుతో డోరును కొడుతూ, చెవి ఆనించి వింటనే ఉంది. పొరల నడుమ గాలి చిక్కుంటే, కారు పల్టీ కొట్టినప్పుడు డోరు చీలి లోపలికి గుచ్చుకుంటదట. రేపు ఆ కారు నడిపేది ఆమె తమ్ముడు.

"అన్నా, పొద్దటి నుంచి కొట్టి కొట్టి నా చెవులు పనిచేస్తలేవు. జర మీరు వినుండ్రి."

చెవి పెట్టిన. ఆమె కొడుతుంటే ఒక్క కాడ డొల్లగ మోగింది. మంచిగుందనే మాట నా నోటి దాక వచ్చింది. అట్లాంటి అబద్ధాలు నాకు తొందరగనే వస్తయి.

"గీడ డొల్ల ఉంది చెల్లె," అన్న.

ఆమె తర్వాతి స్టేజీల దిగింది. రోడ్డు దాటి, డోరును పొదువుకొని, వెనక్కి పోయే బస్సు కోసం నిలబడ్డది.

విమానం రెక్క ముచ్చట ఊరంత చెప్పిన. చెప్పేటప్పుడు మాత్రం నా వేలు ఊకనే బల్లను కొడుతుంటది.