పగలు పడుకునే మనిషి ఓటు

ఇల్లు లేని మనిషికి కూడా ఓటు ఉంటుందని నలభై ఏళ్లు వచ్చేదాకా నాకు తెలియదు. తెలంగాణ వచ్చే ఏడు అది. అంగన్‌వాడీలో పిల్లలకు పప్పన్నం పెట్టి, బరువులు తూచి, పాటలు నేర్పే టీచర్లమైన మాకు ఓటర్ల జాబితా పని కూడా అంటగట్టారు. మండల ఆఫీసులో ఒక పూట శిక్షణ. ఎప్పుడు లేస్తామా అని అందరం చూస్తున్న వేళ చివరి కాగితం చదివారు. ఇల్లు లేనివాళ్లను చిరునామాకు రుజువు అడగకూడదు. ఎక్కడ పడుకుంటే అదే వాళ్ల చిరునామా. బూత్ అధికారి, అంటే మాలాంటి టీచరే, రాత్రిపూట వెళ్లి, మనిషి నిజంగా అక్కడ పడుకుంటున్నాడా అని కళ్లతో చూసి రాయాలి.

నాకు వెంటనే కాక గుర్తొచ్చాడు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనుకు రెండు సందుల అవతల, ఒకప్పుడు బొగ్గు లారీలను తూచిన కాంటా షెడ్డు ఉండేది. కాంటా తీసేశారు, రేకులు మిగిలాయి. ఆ రేకుల కింద ఒక బొంత, ఒక ట్రంకు పెట్టె, కాక. బాయిలోకి, అంటే బొగ్గుగనిలోకి దిగి, నీళ్లు తోడే పంపు నడిపిన మనిషి. తాగుడుకు అలవాటు పడి, నాగాల మీద నాగాలు పెట్టి నౌకరీ పోగొట్టుకున్నాడు. నౌకరీతో క్వార్టర్ పోయింది, ఆ తర్వాత భార్యా పోయింది. తాగుడు మానేశాడు గానీ, అప్పటికి చాలా ఆలస్యమైంది.

ఫారం పట్టుకుని ఒక సాయంత్రం వెళ్తే నన్ను ఎగాదిగా చూశాడు.

"నాకెందుకు బిడ్డా ఓటు?" అన్నాడు ముందు. మళ్లీ తనే అన్నాడు. "మస్టర్ల నుంచి పేరు కొట్టేసి ఇరవై ఏండ్లాయె. అప్పటిసంది నా పేరు ఏ కాయిదంల లేదు. సచ్చిపోతె గూడ ఎవ్వడు రాయడు. రాయి బిడ్డా. రాష్ట్రమస్తాంది, నేను గూడ ఓటెయ్యాలె."

బాయికి పోయేవాళ్లకు మస్టర్ అంటే హాజరు పట్టిక. షిఫ్టు మొదట్లో పేరు పిలుస్తారు, పలికితేనే ఆ రోజు మనిషి ఉన్నట్టు. ఫొటో కావాలంటే కాక గడ్డం గీయించుకుని, ట్రంకులోంచి ఉతికిన అంగీ తీసి వేసుకుని వచ్చాడు. ఫారం నింపి, సంతకం తీసుకున్నాను.

ఇక రూలు ప్రకారం రాత్రి వెళ్లి చూడాలి. బాయిలో పనిచేసే మా ఆయనకు ఆ వారం నైట్ షిఫ్టు. డ్యూటీకి పోతూ నన్ను బండి మీద కాంటా షెడ్డు దగ్గర దింపి, "చూసుకొని జల్ది ఇంటికి పో" అని వెళ్లిపోయాడు. టార్చి వేసి చూశాను. బొంత మడిచి ఉంది, పెట్టెకు తాళం ఉంది, మనిషి లేడు. మరునాడూ లేడు. మూడో రాత్రీ లేడు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. నేనిక్కడ కుక్కలకు భయపడుతూ తిరుగుతుంటే ఈయన మళ్లీ ఏ కల్లు కాంపౌండులో పడి ఉన్నాడో అనుకున్నాను. "ఇక్కడ పడుకోవడం లేదు" అని రాసి, సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చేశాను.

కొద్ది రోజులకు కాక అంగన్‌వాడీకి వచ్చాడు. నేను పిల్లల బరువులు చూస్తున్నాను. చెప్పులు బయట విడిచి గడపవతలే నిలబడ్డాడు.

"టీచరమ్మా, నేను ఆడ ఉంటలేనని రాసినవట. ఆఫీసు గోడకు అంటించిన్రట, సదివి చెప్పిన్రు."

"మూడు రాత్రులు వచ్చిన కాకా. ఒక్కనాడన్న ఉన్నవా?" గట్టిగానే అన్నాను.

"రాత్రి నేనెందుకుంట?" అన్నాడు కాక. గొంతు పెంచలేదు. "పంపు డ్యూటీ, ఎక్కువ రాత్రులే చేసిన. రాత్రి నిద్ర నాకు ఎప్పుడో పోయింది. ఒకవేళ వచ్చినా ఎట్ల పండుకోవాలె? రేకుల కింద పండుకున్నోన్ని వచ్చినోడల్లా తన్ని లేపుతడు. పొద్దుమూకితె బాయి గేటు కాడి హోటల్ల నీళ్లు పడ్త, పొయ్యిలు ముట్టిస్త. తెల్లారినంక వచ్చి పండుకుంట. పగటీలి ఎవ్వడు ఏమనడు." ఆపైన తనే అడిగాడు. "మీ ఆయన నైట్ షిఫ్టుకు పోయి ఇంట్ల లేకుంటే, ఆయనకు ఇల్లే లేదని రాస్తవా బిడ్డా?"

నాకు తల కొట్టేసినట్టయింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఎన్ని పగళ్లు కిటికీకి నల్లగుడ్డ కట్టాను, కుక్కర్ కూత వేయకుండా దించాను, "నాయిన పండుకున్నడు, నోరు ముయ్యిండ్రి" అని పిల్లల్ని గద్దించాను! పగటినిద్ర నాకు తెలియనిదా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నైట్ షిఫ్టుకు పోయే మొగుడి బండి ఎక్కి వెళ్లి, రాత్రి షెడ్డులో ఎందుకు లేవని ఒక బాయి మనిషిని తప్పుపట్టాను. తాగి పడి ఉంటాడనుకోవడం అంతకన్నా సిగ్గు. ఆ ముక్క మాత్రం ఆయనతో చెప్పలేకపోయాను.

"తప్పు నాది కాకా. నేను రాసింది నేనే కొట్టేయిస్త," అన్నాను.

జాబితా ఖాయం కావడానికి ఇంకా ఐదు రోజులున్నాయి. ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్లాను. ఎన్నికల పని చూసే సారు వేరే జిల్లా నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు.

"రాత్రి చూడాలని రూలు. మీరే చూశారు, లేడని మీరే రాశారు. ఇప్పుడు మార్చమంటే ఎలాగమ్మా?"

"తప్పు రాసిన సార్. అందుకే వచ్చిన."

"పగలు చూడమని రూల్లో లేదు కదా."

"ఆయన్ని రాత్రే పండుకొమ్మని గూడ లేదు సార్. పండుకునే జాగ చూడుమని ఉన్నది. ఈ ఊళ్లె పగటీలి పండుకునేటోళ్లు ఎంతమందో లైన్లల్ల తలుపులు కొట్టి చూడుండ్రి, మీకే తెలుస్తది."

పక్క బల్ల దగ్గరి గుమాస్తా తల దించుకుని నవ్వాడు. సారు నవ్వలేదు, రేపు రమ్మన్నాడు. రేపు వెళ్తే మీటింగన్నారు. ఎల్లుండి వెళ్తే ఊళ్లో లేడన్నారు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఆయన నన్ను ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. ఈసారి ఆ మాట నాకు తిట్టులా అనిపించలేదు. రోజూ మధ్యాహ్నం కాంటా షెడ్డుకు వెళ్లాను. ఎన్ని గంటలకు చూశానో, కాక ఎక్కడ పడుకుని ఉన్నాడో కాగితం మీద రాశాను. పక్కన సైకిళ్లు బాగుచేసే భాయ్ చేత సంతకం, ఎదురుగా కూరగాయలమ్మే అవ్వ చేత వేలిముద్ర పెట్టించాను. నాలుగో రోజు ఆ కాగితం సారు బల్ల మీద పెట్టాను.

"పేరు తీసెయ్యాలంటే మీరే వచ్చి చూసి రాయుండ్రి సార్. నేనైతే మళ్ల రాయ," అన్నాను.

కాగితం రెండుసార్లు చదివాడు. వేలిముద్ర పక్కన నేను రాసిన అవ్వ పేరును కాసేపు చూశాడు. ఆ తర్వాత జీపు తీయమన్నాడు.

మిట్టమధ్యాహ్నం. రేకుల కింద కాక కళ్లకు నల్లగుడ్డ కట్టుకుని, తడి తువ్వాల ఛాతీ మీద పరుచుకుని గాఢనిద్రలో ఉన్నాడు. సారు వంగి పిలవబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"లేపకుండ్రి సార్. నైట్ డ్యూటీ దిగినోళ్లను మేం లేపం."

భాయ్ కూడా పానా కింద పెట్టి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. కాక కదల్లేదు. సారు జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. ఇంటి నంబరు దగ్గర ఆగాడు.

"ఇక్కడ ఏం రాయను?" ఈసారి గొంతు తగ్గించి అడిగాడు.

"కాంటా షెడ్డు అని రాయుండ్రి," అన్నాను.

పోలింగు రోజు ఉదయం ఏడింటికి బూత్ తెరిచేసరికి వరుసలో అందరికన్నా ముందు కాక. అదే ఉతికిన అంగీ. వేళ్లకు పొయ్యిల మసి ఇంకా పోలేదు. నేను జాబితా పట్టుకుని గుమ్మం దగ్గరున్నాను. లోపలి అధికారి కాక వరుస నంబరు, పేరు పార్టీల ఏజెంట్లందరికీ వినపడేలా పైకి చదివాడు.

పేరు వినగానే కాక చేతులు కిందికి దించి నిటారుగా నిలబడ్డాడు.

"హాజర్ సార్."

ఏజెంట్లు నవ్వారు. నాకు జాబితాలో అక్షరాలు అలుక్కుపోయాయి. వేలికి సిరా వేయించుకుని, ఓటేసి, కాక నా దగ్గరికి వచ్చి ఆ వేలు చూపించాడు.

"మస్టర్ పడ్డది బిడ్డా. ఇగ పోయి పండుకుంట," అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఎవ్వరన్న అడిగితే, ఇంటికాడ ఉన్నడని చెప్పు."